మంగళవారం వేలంలో రాష్ట్రానికి అప్పు ఎవరిస్తారు? కట్టకపోతే ఏమవుతుంది?

మీరు అడిగింది ఇదీ: "మన రాష్ట్రం మళ్లీ ఇన్ని వేల కోట్లు అప్పు తెచ్చింది అని ప్రతి బుధవారం పేపర్లో చదువుతున్నాం. ఈ డబ్బు ఎవరిస్తారు? ఏం తాకట్టు పెడతారు? కట్టలేకపోతే ఏమవుతుంది? రిజర్వు బ్యాంకు ఉండగా నోట్లు అచ్చేసుకుంటే సరిపోదా? మనలాంటి వాళ్లం కూడా ప్రభుత్వానికి అప్పు ఇవ్వొచ్చా?"

నేను ఉమ్మడి రాష్ట్రంలో ఖజానా శాఖలో జూనియర్ అకౌంటెంట్‌గా చేరి, 33 ఏళ్లు పనిచేసి, సబ్ ట్రెజరీ ఆఫీసర్‌గా రిటైరయ్యాను. అప్పులు తెచ్చే సీట్లో నేనెప్పుడూ లేను. తెచ్చిన డబ్బు ఎవరి బిల్లు దాకా వచ్చి అయిపోతుందో కనిపించే కౌంటర్లో ఉన్నాను. అక్కడి నుంచి చూసింది, తర్వాత చదువుకుని తెలుసుకున్నది కలిపి చెబుతాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

అప్పు సంగతి అర్థం కావాలంటే ముందు తారీఖులు చూడాలి. మనకు ఒకటో తారీఖు డబ్బు వచ్చే రోజు. ప్రభుత్వానికి అది డబ్బు పోయే రోజు. జీతాలు, రిటైరైనవాళ్ల పెన్షన్లు, వృద్ధుల పింఛన్లు, పాత అప్పుల వడ్డీలు చాలావరకు నెల మొదట్లోనే పడతాయి. రావాల్సింది మాత్రం అంత తొందరగా రాదు. కేంద్ర పన్నుల్లో వాటా మామూలుగా 10వ తేదీ ప్రాంతంలో జమవుతుంది. వ్యాపారులు జీఎస్టీ రిటర్న్ వేసి డబ్బు కట్టేది 20 దాకా సాగుతుంది. ఈ మధ్య రోజుల్లో ఖజానాకు రోజూ తడి తగిలేది మద్యం వల్ల, రిజిస్ట్రేషన్ల వల్ల. మద్యం షాపువాడు డబ్బు కడితేనే డిపో నుంచి సరుకు కదులుతుంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చలానా కడితేనే దస్తావేజు ముందుకెళుతుంది. పైగా వీటిలో రాష్ట్రానికి వచ్చే డబ్బును ఎవరితోనూ పంచుకోనక్కర్లేదు. ఏ పార్టీ ప్రభుత్వమైనా మద్యాన్ని ఎందుకు వదులుకోలేదో ఈ ఒక్క కారణంతో సగం తెలుస్తుంది. 2023లో తెలంగాణ 2,620 షాపులకు దరఖాస్తులు పిలిస్తే 1.31 లక్షలు పడ్డాయి. దరఖాస్తు ఫీజు రెండు లక్షలు, షాపు రాకపోయినా తిరిగి ఇవ్వరు. అలా ఒక్క సీసా అమ్మకముందే 2,600 కోట్లకు పైగా వచ్చాయి. మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో 3,396 షాపులకు 90 వేల దాకా దరఖాస్తులు పడ్డాయి, దాదాపు 1,800 కోట్లు వచ్చాయి.

కేంద్రం వాటా గురించి కూడా ఒక మాట. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచదగిన పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలకు ఇమ్మంది. ఆ రాష్ట్రాల వాటాలో ఆంధ్రప్రదేశ్‌కు 4.047 శాతం, తెలంగాణకు 2.102 శాతం వచ్చాయి. పంపకంలో 45 శాతం బరువు, ఒక రాష్ట్రం తలసరి ఆదాయం బాగా సంపన్న రాష్ట్రాల కన్నా ఎంత తక్కువ ఉందన్న దానికే ఇచ్చారు. అందుకే తలసరి ఆదాయం ఎక్కువున్న తెలంగాణకు ముక్క చిన్నదైంది. "పంచదగిన పన్నులు" అన్న మాట దగ్గర ఆగి చూడండి. సెస్సులు, సర్‌చార్జీలు అందులోకి రావు. పెట్రోలు మీద కేంద్రం వసూలు చేసేదాంట్లో పెద్ద భాగం సెస్సుల రూపంలోనే ఉంటుంది, అందులో రాష్ట్రాలకు వాటా లేదు.

ఇక భూములు, ఆస్తులు. 2023లో కోకాపేట వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. అదే ఏడాది హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు టోలును 30 ఏళ్లకు లీజుకిచ్చి 7,380 కోట్లు ఒకేసారి తీసుకున్నారు. లెక్కల్లో ఇది అప్పు కాదు, రాబడి. నా మనసు మాత్రం ఒప్పుకోదు. ముప్ఫై ఏళ్లు రావాల్సిన టోలును ఈ రోజే తెచ్చుకుని ఖర్చు చేస్తే, తోటలో కాపును ముందే అమ్ముకున్న రైతుకూ దీనికీ తేడా ఏముంది? డబ్బు అవసరమై అమ్ముకోవచ్చు. కానీ ముప్ఫై ఏళ్ల దాకా ఆ కాపు నాది కాదని ఇంట్లోవాళ్లకు చెప్పి అమ్మాలి.

ఇప్పుడు మీ ప్రశ్నలోకి వస్తాను. రాష్ట్రం ఖాతా రిజర్వు బ్యాంకులో ఉంటుంది, ఆ లెక్క చూసేది నాగ్‌పూర్‌లోని రిజర్వు బ్యాంకు ఆఫీసు. మేము ఊళ్లో బిల్లు పాస్ చేస్తే స్టేట్ బ్యాంకు చెల్లించి సాయంత్రానికి స్క్రోలు, అంటే చెల్లింపుల జాబితా, పంపేది. ఆ చెల్లింపు చివరికి నాగ్‌పూర్ ఖాతాలో ఖర్చుపడేది. ఆ ఖాతాలో రాష్ట్రం ఉంచాల్సిన కనీస నిల్వ ఒకటుంటుంది. అంతకన్నా తగ్గితే రిజర్వు బ్యాంకు చేబదులు ఇస్తుంది. ఇంగ్లీషులో వేస్ అండ్ మీన్స్ అడ్వాన్స్ అంటారు. మన పేపర్లవాళ్లు "చేబదులు" అని సరైన మాటే పట్టుకున్నారు. మూడు నెలల్లోపు తీర్చాలి, వడ్డీ రెపో రేటు, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రేటు. ప్రతి రాష్ట్రానికీ ఒక పరిమితి ఉంటుంది, అన్ని రాష్ట్రాలకూ కలిపి 2024 జులై నుంచి అది 60,118 కోట్లు. పరిమితి దాటితే ఓవర్‌డ్రాఫ్ట్. దానికి రెపో మీద రెండు శాతం ఎక్కువ, మరీ పెరిగితే అయిదు శాతం ఎక్కువ. వరుసగా 14 పని దినాలు మించి ఓవర్‌డ్రాఫ్ట్‌లో ఉంటే రాష్ట్రం తరఫున చెల్లింపులు ఆపేయమని బ్యాంకులకు చెప్పేస్తారు. కోవిడ్ రోజుల్లో ఈ గడువు కొంత సడలించారు. పేపర్లో "రాష్ట్రం ఓడీలోకి వెళ్లింది" అని వస్తే అర్థం ఇదీ. దివాలా అని కంగారు పడకండి, నెల మొదటి వారం టెన్షన్ అది. ఏడాదంతా ఓడీలోనే గడుస్తుంటే మాత్రం కంగారు పడాల్సిందే.

చేబదులుతో నెల గడుస్తుంది, సంవత్సరం గడవదు. ఖర్చుకూ రాబడికీ మధ్య మిగిలే గుంతను, దాన్నే ద్రవ్య లోటు అంటారు, పూడ్చేది మంగళవారం వేలం.

వేలం ఇలా జరుగుతుంది. మూడు నెలలకు ఒకసారి, ఏ రాష్ట్రం ఏ వారం ఎంత తీసుకోబోతోందో రిజర్వు బ్యాంకు ఒక క్యాలెండర్ వేస్తుంది. ఆ వారం వచ్చాక రాష్ట్రం, ఉదాహరణకు "పదేళ్లకు వెయ్యి కోట్లు కావాలి" అని నోటిఫై చేస్తుంది. మంగళవారం ఉదయం గంటసేపు, రిజర్వు బ్యాంకు కంప్యూటర్ వ్యవస్థలో బిడ్లు పడతాయి. ఆ వ్యవస్థ పేరు ఈ-కుబేర్. మన వాళ్లకు వెంటనే వడ్డికాసులవాడు గుర్తొస్తాడు, పెళ్లికి కుబేరుడి దగ్గర అప్పు తీసుకుని ఇప్పటికీ వడ్డీ కడుతున్నాడని చెప్పుకునే స్వామి. ఈ పోలిక నేను ఊరికే తేలేదు, కింద మళ్లీ పనికొస్తుంది. ఒక బ్యాంకు 200 కోట్లు 7.20 శాతానికి ఇస్తానంటుంది, ఒక బీమా సంస్థ 400 కోట్లు 7.23కి అంటుంది, ఇంకొకరు 500 కోట్లు 7.25కి అంటారు. తక్కువ వడ్డీ అడిగినవాళ్ల నుంచి మొదలుపెట్టి వెయ్యి కోట్లు నిండేదాకా తీసుకుంటారు. ఎక్కడ నిండిందో ఆ రేటు, ఇక్కడ 7.25, ఆ బాండు (రాష్ట్రం ఇచ్చే అప్పు పత్రం) వడ్డీ అవుతుంది. సాధారణంగా బుధవారానికి డబ్బు రాష్ట్రం ఖాతాలో పడుతుంది.

ఈ లెక్కే సాగదీసి చూద్దాం. వెయ్యి కోట్లకు ఏడాదికి 72.5 కోట్లు, ఆరు నెలలకోసారి 36.25 కోట్లు. పదేళ్లలో వడ్డీయే 725 కోట్లు. పదో ఏట చివర అసలు వెయ్యి కోట్లు ఒక్కసారిగా కట్టాలి. అది ఎక్కడి నుంచి కడతారు? చాలావరకు మళ్లీ ఇంకో మంగళవారం తెచ్చిన అప్పుతో. స్వామి వడ్డీ కడుతూనే ఉన్నట్టు, ప్రభుత్వాలు కూడా అసలు తిరగేస్తూ వడ్డీ కడుతూ పోతాయి. దీన్ని మోసం అనుకోకండి, ప్రపంచంలో ప్రభుత్వాలు నడిచే పద్ధతే ఇది. ఆదాయం, అప్పు మీద వడ్డీ కన్నా వేగంగా పెరుగుతున్నంత కాలం ఇది నడుస్తుంది. పెరగడం ఆగిన రోజు వడ్డీ జీతాల్ని తినడం మొదలుపెడుతుంది.

మరి ఆ ఇచ్చేది ఎవరు? చాలామంది ప్రపంచ బ్యాంకు అనో, ముంబైలో ఎవరో సేట్లు అనో అనుకుంటారు. ఇచ్చేది మనమే. మీరు బ్యాంకులో వేసుకున్న డిపాజిట్లలో, స్థూలంగా, వందకు 18 రూపాయలు ప్రభుత్వ బాండ్లలాంటి వాటిలో ఉంచాలని బ్యాంకులకు నిబంధన. మీ ఎల్ఐసీ ప్రీమియం, మీ ప్రావిడెంట్ ఫండ్, కొత్త పెన్షన్ పథకంలో మీ జీతం నుంచి కోసేది, వీటన్నిటిలోనూ పెద్ద భాగం కేంద్ర, రాష్ట్ర బాండ్లలోకే వెళుతుంది. గుంటూరులో ఒక ప్రైవేటు ఫ్యాక్టరీ కార్మికుడి పీఎఫ్ డబ్బు నాగాలాండ్ బాండులో ఉండొచ్చు. అసోంలో టీచరమ్మ బీమా డబ్బు మన బాండులో ఉండొచ్చు. అందుకే "ప్రభుత్వాల అప్పులన్నీ రద్దు చేసేయాలి" అని ఎవరైనా ఆవేశంగా అంటే నాకు భయమేస్తుంది. రద్దయ్యేది ఆ కార్మికుడి ముసలితనం.

తాకట్టు సంగతి. ఈ బాండ్లకు ఏమీ తాకట్టు పెట్టరు. రాజ్యాంగం 293వ అధికరణ ప్రకారం రాష్ట్రం దేశం లోపల మాత్రమే, తన సంచిత నిధి భరోసా మీద అప్పు తీసుకోవచ్చు. అంటే భవిష్యత్తులో వసూలయ్యే పన్నులే భరోసా. కేంద్రానికి రాష్ట్రం ఏమైనా బాకీ ఉంటే, ఉండని రాష్ట్రం దాదాపు లేదు, కొత్త అప్పుకు కేంద్రం అనుమతి కావాలి. ఏడాదికి ఎంత అని కేంద్రం చెబుతుంది, మామూలుగా రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో మూడు శాతం. 2021-22 నుంచి విద్యుత్ సంస్కరణలు చేసిన రాష్ట్రాలకు ఇంకో అర శాతం దాకా ఇస్తూ వచ్చింది. 2022-23 మొదట్లో తెలంగాణకు ఈ అనుమతి రెండు నెలలు రాలేదు, అప్పుడు ఆ ప్రభుత్వం ఎంత ఇబ్బంది పడిందో గుర్తుండే ఉంటుంది. కేరళ ఈ పరిమితి మీద సుప్రీంకోర్టుకే వెళ్లింది. 2024 ఏప్రిల్‌లో ఆ కేసును రాజ్యాంగ ధర్మాసనానికి పంపారు.

వడ్డీ రోజున రాష్ట్రం ఎవరికీ చెక్కు రాయనక్కర్లేదు. రిజర్వు బ్యాంకే ఖాతాలోంచి తీసుకుని బాండుదారులకు వేసేస్తుంది. అందుకే "కట్టలేకపోతే" అన్న మీ ప్రశ్నకు సూటి జవాబు: ఈ బాండ్ల మీద ఇప్పటిదాకా ఏ రాష్ట్రమూ ఎగవేయలేదు.

నోట్ల అచ్చు గురించి. రాష్ట్రాలకు ఆ అధికారమే లేదు. కేంద్రం మాత్రం ఒకప్పుడు అలాంటి పనే చేసేది. ఖాతాలో నిల్వ తగ్గగానే అడ్‌హాక్ ట్రెజరీ బిల్లు అనే కాగితం రిజర్వు బ్యాంకు చేతిలో పెట్టి డబ్బు తీసుకునేది, దానికి హద్దూ అదుపూ ఉండేవి కావు. కొత్త డబ్బు వస్తుంది, సరుకు మాత్రం అంతే ఉంటుంది, ధరలు పెరుగుతాయి. అంటే ఏ చట్టసభా ఓటు వేయని పన్ను, కూలి చేసుకునేవాడి మీద ఎక్కువ పడే పన్ను. 1994లో ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్, రిజర్వు బ్యాంకు గవర్నర్ సి. రంగరాజన్ కూర్చుని దీన్ని దశలవారీగా ఆపడానికి ఒప్పందం చేసుకున్నారు. 1997 మార్చి 31తో అది పూర్తిగా పోయింది. ఆ ఏడాది చివర్లోనే రంగరాజన్ గారు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు గవర్నర్‌గా వచ్చారు. తర్వాత 2003 నాటి ద్రవ్య బాధ్యత చట్టం వల్ల 2006 ఏప్రిల్ నుంచి, కేంద్రం కొత్తగా జారీ చేసే బాండ్లను రిజర్వు బ్యాంకు నేరుగా కొనడం కూడా ఆగింది. కాబట్టి కేంద్రం కూడా మనలాగే వేలానికి వెళ్లాల్సిందే.

ఇంతవరకూ చెప్పింది పుస్తకాల్లో దొరుకుతుంది. నేను ఇంత పొడుగు రాయడానికి కూర్చున్నది దీని తర్వాతి మాట కోసం.

మంగళవారం అప్పు రాష్ట్రం చేసే అప్పులన్నిటిలోకీ శుభ్రమైనది. ఎంత తెచ్చారు, ఎంత వడ్డీకి, ఎప్పుడు తీర్చాలి అన్నీ ఆ సాయంత్రానికే అందరికీ తెలుస్తాయి. తక్కువ వడ్డీకి దొరికేవాటిలో అదొకటి. పేపర్లో కనిపిస్తుంది కాబట్టి మనం దాన్ని తిడతాం. మీకు భయం ఉండాల్సింది ఆ పేజీలో కనిపించని అప్పుల గురించి.

నేను అకౌంటెంట్‌గా ఉన్న ఒక ఊళ్లో, ఊరి పేరు వద్దులెండి, ఒక చిన్న కాంట్రాక్టర్ ఉండేవాడు. స్కూలు ప్రహరీలు, అంగన్‌వాడీ గదులు, సీసీ రోడ్డు ముక్కలు, అలాంటి పనులు చేసేవాడు. ఒక ఏడాది ఆయనది నాలుగు లక్షల పైచిలుకు బిల్లు ఫిబ్రవరిలో మా దగ్గరకొచ్చింది. అప్పట్లో బిల్లు తీసుకుని ఇత్తడి టోకెన్ ఇచ్చేవాళ్లం. బిల్లులో తప్పు లేదు, బడ్జెట్ ఉంది, సంతకాలన్నీ ఉన్నాయి. కానీ పైనుంచి ఫ్రీజింగ్ పెట్టారు. అంటే జీతాలు, పెన్షన్లు తప్ప ఏ బిల్లూ పాస్ చేయొద్దని ఆర్డరు. ఆయన ప్రతి సోమవారం వచ్చేవాడు. టోకెన్‌ను చొక్కా జేబులోంచి తీసి కౌంటర్ మీద పెట్టి, ఏమీ అనకుండా నా ముఖం చూసేవాడు. నేను తల అడ్డంగా ఊపితే మళ్లీ జేబులో వేసుకుని వెళ్లిపోయేవాడు. మార్చి 31 రాత్రి పదకొండున్నర దాకా మా వరండాలోనే కూర్చున్నాడు. ఆ రాత్రి ఫ్రీజింగ్ ఎత్తేస్తారని ఎవరో చెప్పారట. ఎత్తలేదు. పన్నెండు దాటాక బడ్జెట్ ల్యాప్స్ అయింది, బిల్లు తిరిగి డిపార్ట్‌మెంటుకు వెళ్లింది. కొత్త ఏడాదిలో మళ్లీ మంజూరు తెచ్చుకుని, మళ్లీ బిల్లు పెట్టి, ఆ డబ్బు ఆయన చేతికి వచ్చేసరికి పని పూర్తయి పద్నాలుగు నెలలైంది. ఆ గోడ కట్టడానికి భార్య నగలు పెట్టి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు. అంటే ఏడాదికి 24 శాతం.

ఆ నాలుగు లక్షలు ఎవరి అప్పు? పని ప్రభుత్వానిది, గోడ స్కూలుది, పిల్లలు ఆ గోడ లోపల ఆడుకుంటున్నారు. డబ్బు మాత్రం ఆ ఇంటి ఇల్లాలి మెడలోది. ప్రభుత్వం ఆయన దగ్గర వడ్డీ లేకుండా పద్నాలుగు నెలలు అప్పు తీసుకుంది. ఆ వడ్డీ ఆయన కట్టాడు. ఈ అప్పు ఏ వేలంలోనూ రాదు, ద్రవ్య లోటులోనూ రాదు. కారణం, మన ప్రభుత్వ లెక్కలు నగదు పద్ధతిలో రాస్తారు. చెల్లించిన రోజే అది ఖర్చు. చెల్లించకపోతే, పని ఎంత పూర్తయినా, ఖర్చు జరగనట్టే. మార్చి 31న వెయ్యి కోట్ల బిల్లులు ఆపితే ఆ ఏడాది లోటు వెయ్యి కోట్లు తక్కువగా కనిపిస్తుంది. అందుకే ఏ ప్రభుత్వమైనా డబ్బు తక్కువైతే ముందుగా ముట్టుకునేది ఇక్కడే. ముంబైలో బాండు కొన్నవాడికి ఒక్కరోజు ఆలస్యమైతే దేశమంతా వార్త. ఊళ్లో కాంట్రాక్టరుకు ఏడాది ఆలస్యమైతే అది మా వరండా దాటదు.

ఆసుపత్రులకు ఆరోగ్యశ్రీ బకాయిలు, కాలేజీలకు ఫీజు రీయింబర్స్‌మెంట్, ఉద్యోగుల డీఏ అరియర్లు, డిస్కమ్‌లకు (కరెంటు పంపిణీ సంస్థలకు) వ్యవసాయ విద్యుత్ సబ్సిడీ, అన్నీ ఇదే జాతి. నష్టం అక్కడితో ఆగదు. బిల్లు రాదని తెలిసిన కాంట్రాక్టరు తర్వాతిసారి టెండరులో ఆ వడ్డీ కూడా కలిపి వేస్తాడు. చిన్నవాళ్లు అసలు రావడం మానేస్తారు. మా ఊళ్లో ఒక చెరువు కట్ట పనికి మూడుసార్లు టెండరు పిలిచినా వేసే నాథుడు లేకపోయాడు. ఏడు శాతానికి దొరికే డబ్బు తేలేక, లేదా తేవడం ఇష్టంలేక, ఇరవై నాలుగు శాతం వడ్డీని మన రోడ్ల ధరలోకి ఎక్కించుకుంటున్నాం.

కనిపించని అప్పుల్లో రెండోది ఉద్యోగుల డబ్బు. 2004 సెప్టెంబరుకు ముందు చేరిన వాళ్లకు జీపీఎఫ్, అంటే ప్రభుత్వోద్యోగుల ప్రావిడెంట్ ఫండ్, ఉంది. నెలనెలా జీతంలో కోసిన డబ్బు ఎక్కడో ఇనప్పెట్టెలో ఉంటుందని చాలామంది ఉద్యోగులే అనుకుంటారు. అది ప్రజాపద్దులో, అంటే ప్రభుత్వం దగ్గరున్న ఇతరుల డబ్బు రాసే పద్దులో, ఒక అంకె మాత్రమే. అసలు డబ్బు ప్రభుత్వం మామూలు ఖాతాలోనే కలిసిపోతుంది. పిల్ల పెళ్లికి పార్ట్ ఫైనల్ (అందులోంచి కొంత తీసుకోవడానికి దరఖాస్తు) పెట్టుకుంటే డబ్బు రావడానికి నెలలు పట్టడం చూసినవాళ్లకు ఇది బాగా తెలుసు. పంచాయతీల, కార్పొరేషన్ల పీడీ అకౌంట్లలో (ఖజానాలో వాటి పేరున ఉండే ఖాతాల్లో) డబ్బు "ఉంది కానీ తీయడానికి లేదు" అనడం కూడా దీని తమ్ముడే.

మూడోది కార్పొరేషన్ల పేరుతో తెచ్చే అప్పు. ఇది చెడ్డదని ముందే తీర్మానించకండి. 2018లో అమరావతి కోసం సీఆర్‌డీఏ, అంటే రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ, 2,000 కోట్ల బాండ్లు వేసింది, రాష్ట్రం గ్యారంటీ ఇచ్చింది. వడ్డీ 10.32 శాతం పడింది. అదే రోజుల్లో రాష్ట్రం నేరుగా మంగళవారం తెచ్చుకుంటున్న డబ్బుకు వడ్డీ ఎనిమిదిన్నర శాతం అటూఇటూ ఉండేది. తేడా ఏడాదికి 35 కోట్లకు పైమాట. ఆ ఏడాదే హైదరాబాద్ కార్పొరేషన్ 200 కోట్లు 8.90 శాతానికే తెచ్చుకోగలిగింది. దాని వెనుక ఇంటి పన్ను రాబడి ఉంది కాబట్టి అంత తక్కువకు ఇచ్చారు. ఎక్కువ వడ్డీ అయినా ఎందుకు అలా వెళతారంటే, మూడు శాతం పరిమితి లోపల జాగా మిగలక. ప్రాజెక్టు తన కాళ్ల మీద నిలబడి బాకీ తీరిస్తే తప్పులేదు. ఎత్తిపోతల పథకానికి కార్పొరేషన్ పెట్టి అప్పు తెస్తే, రైతు నీళ్లకు డబ్బు కట్టడు, కట్టమనీ మనం అనం, వాయిదా మళ్లీ బడ్జెట్ నుంచే పోతుంది. అప్పుడు కార్పొరేషన్ అన్నది బోర్డు మాత్రమే. 2022లో కేంద్రం, రాష్ట్ర బడ్జెట్ నుంచి తీర్చే ఇలాంటి అప్పుల్ని కూడా రాష్ట్రం పరిమితిలోనే లెక్కిస్తానని చెప్పింది. అప్పుడు రెండు రాష్ట్రాలూ బాధపడ్డాయి. లెక్కలు రాసినవాడిగా నాకు మాత్రం ఆ నియమం సబబే అనిపించింది. ఆ నియమం కేంద్రం తన సంస్థల ద్వారా తెచ్చే అప్పులకూ అంతే గట్టిగా వర్తించాలని కూడా అనుకుంటాను.

అప్పు దేనికోసం అన్నది ఇంకో ప్రశ్న, దాన్ని ఇక్కడ సాగదీయను. బోరు వేయడానికి చేసిన అప్పుకూ, బియ్యం కొనడానికి చేసిన అప్పుకూ తేడా ఏ రైతునడిగినా చెబుతాడు. బడ్జెట్ కాగితాల్లో ఆ రెండోదాని పేరు రెవెన్యూ లోటు. ద్రవ్య లోటు కన్నా ముందు ఆ అంకె వెతకండి.

ఎక్కడ వెతకాలి అంటారా? ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ వెబ్‌సైటులో ప్రతి రాష్ట్రానికీ నెలవారీ లెక్క పెడతారు, ఒకటి రెండు పేజీలు. రాబడి ఎంత, అప్పు ఎంత, వడ్డీ ఎంత, జీతాలు ఎంత, అన్నీ బడ్జెట్ అంచనా పక్కనే ఉంటాయి. సొంత పన్నులో వడ్డీకి ఎంత పోతోందో మీరే భాగించి చూసుకోండి. ఏడాది ముగిశాక వచ్చే ఫైనాన్స్ అకౌంట్స్‌లో ప్రభుత్వం ఇచ్చిన గ్యారంటీల పట్టిక ఉంటుంది, అది తప్పకుండా చూడండి. పెండింగ్ బిల్లుల మొత్తం మాత్రం ఇలా నెలనెలా ఎక్కడా కనిపించదు. మీ ఎమ్మెల్యేను అడిగే అవకాశం వస్తే "ఎంత అప్పు తెచ్చారు" అని అడగొద్దు, అది అందరికీ తెలుసు. "ఆరు నెలలు దాటిన బిల్లులు ఎన్ని కోట్లున్నాయి" అని అడగండి.

చివరి ప్రశ్న, మనమూ ఇవ్వొచ్చా అన్నది. ఇవ్వొచ్చు. 2021 నవంబరులో రిజర్వు బ్యాంకు రిటైల్ డైరెక్ట్ అనే సౌకర్యం తెచ్చింది. పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా ఉంటే ఆన్‌లైన్‌లో ఖాతా తెరవొచ్చు, ఖాతాకు ఫీజు లేదు. పదివేల రూపాయల నుంచి కేంద్ర బాండ్లు, రాష్ట్రాల బాండ్లు, ట్రెజరీ బిల్లులు కొనొచ్చు. వేలంలో రేటు మీరు చెప్పనక్కర్లేదు, పెద్దవాళ్ల పోటీలో తేలిన రేటే మీకూ వస్తుంది. రెండు జాగ్రత్తలు. మధ్యలో డబ్బు అవసరమైతే రాష్ట్ర బాండ్లు అమ్మడం అంత తేలిక కాదు, కొనేవాళ్లు తక్కువ. అప్పటికి బయట వడ్డీలు పెరిగి ఉంటే ధర కూడా తగ్గుతుంది. చివరిదాకా ఉంచుకోగలిగిన డబ్బే పెట్టండి. వడ్డీ మీద ఇన్‌కం ట్యాక్స్ మామూలుగానే పడుతుంది.

నా రిటైర్‌మెంట్ డబ్బులో రెండు లక్షలు నేను పనిచేసిన రాష్ట్రం బాండులోనే పెట్టాను, 7.4 శాతానికి. ఆరు నెలలకోసారి 7,400 రూపాయలు నా ఖాతాలో పడుతున్నాయి, ఇంతవరకు ఒక్కరోజు ఆలస్యం కాలేదు. అదే రాష్ట్రం నుంచి నాకు రావాల్సిన డీఏ అరియర్ల బిల్లు రిటైరవకముందే పెట్టాను. దానికిచ్చిన టోకెన్ నంబరు ఫోన్లో ఉంది, నెలకోసారి తెరిచి చూస్తుంటాను. ఇంకా పెండింగ్ అనే ఉంది.